ఆంగ్ల సాహిత్యమున స్నాతకోత్తర విద్య: ఉప్పల్, నాచారము పరిసరముల చరిత్ర

1. విషయ నిర్దేశము

హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న ఉప్పల్ కూడలినుండి పడమరగా బయలుదేరినచో సర్వే ఆఫ్ ఇండియా ఆవరణము, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, హబ్సిగూడ, తార్నాక వరుసగా వచ్చును. నాచారము బాట హబ్సిగూడయొద్ద ఈ దారిలో కలియును. మరికొంత ముందునకు సాగినచో ఉస్మానియా విశ్వవిద్యాలయమును, దాని ప్రక్కనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమును గలవు. కొలది కిలోమీటర్ల దూరములో ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ. పట్టము నొసగు విశ్వవిద్యాలయములు రెండు ఇట్లు ఇరుగుపొరుగుగా నుండుట తెలుగు దేశమున అరుదైన విషయము.

ఈ పట్టమును కోరి ఉప్పల్, నాచారము ప్రాంతములనుండి వచ్చు విద్యార్థుల కోరిక సామాన్యముగా రెండు పాయలుగా నుండును. ఆంగ్లమున తడబాటు లేక మాటాడవలెను, వ్రాయవలెను, దానిచే జీవనోపాధి పొందవలెను అనునది మొదటిది. ఒక గొప్ప సాహిత్యమును లోతుగా చదువవలె ననునది రెండవది. మొదటిది భాషకు, రెండవది సాహిత్యమునకు సంబంధించినది. ఈ రెండును ఒకే పట్టమున లభించునని విద్యార్థి నమ్మును. అవి ఒకచోట లభించునా అనునది చరిత్ర చెప్పవలసిన విషయము. ఈ పరిసరమున భాషాబోధనమును సాహిత్యబోధనమును ఎట్లు కలసినవి, ఎట్లు విడివడినవి, ఆ విభజనముచే తెలుగునకు కలిగిన లాభనష్టము లెట్టివి అను ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింతుము.

2. పట్టమునకు పూర్వము

ఆంగ్ల సాహిత్య ప్రభావము తెలుగులోనికి ఎం.ఏ. పట్టముద్వారా వచ్చినది కాదు. ఈ విషయమును మొదటనే గుర్తింపవలసియున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో తమ 'వివేకవర్ధని'యందు ప్రకటింప నారంభించి 1880లో గ్రంథముగా వెలువరించిన 'రాజశేఖర చరిత్రము'నకు గోల్డ్‌స్మిత్ రచించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రేరణ మని యెల్లరు నెరిగినదే. పంతులుగారికి ఆంగ్లమున ఉన్నత పట్టము లేదు. ఆంగ్లేయ గ్రామమునందలి మతాచార్యుని కుటుంబమును ధవళేశ్వరపు బ్రాహ్మణ కుటుంబముగా మార్చి, ఆనాటి మూఢాచారములన్నిటిని అందులో నిమిడ్చి చూపుటయే వారి సామర్థ్యము.

రాయప్రోలు సుబ్బారావుగారు అదే గోల్డ్‌స్మిత్ రచించిన 'హెర్మిట్'ను ఆధారముగా గొని 'లలిత'ను, టెన్నిసన్ 'డోరా'ను ఆధారముగా గొని 'అనుమతి'ని రచించిరి. 1914లో వెలువడిన 'కవిత్వతత్త్వ విచారము'చే ఆధునిక విమర్శకు దారి తీసిన కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివినది చరిత్ర. పింగళి సూరన 'కళాపూర్ణోదయము'నందలి కథాసంవిధానమును వారు క్రొత్త కన్నులతో చూచిరి. ఆ చూపునకు పాశ్చాత్య విద్య తోడ్పడినను, చూడబడినది మాత్రము తెలుగు ప్రబంధమే.

ఈ మువ్వురి విషయమున సామాన్యమైన అంశ మొక్కటి కలదు. వారు ఆంగ్లమును చదువునాటికే తెలుగు కావ్యములు వారికి కరతలామలకములు. అందుచే క్రొత్తగా వచ్చినదానిని పోల్చిచూచుటకు వారియొద్ద ఒక కొలబద్ద యుండెను. పట్టమువలన వచ్చిన పరిచయము సృజనకు తోడ్పడలేదని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ. చదివి, కొంతకాలము ఆంగ్లోపన్యాసకులుగా నుండిన బుచ్చిబాబు రచించిన 'చివరకు మిగిలేది' అందుకు ప్రబల నిదర్శనము. కాని అచ్చటను పట్టము ఒక సాధనము మాత్రమే. ఆ నవలలోని ఆవేదన తెలుగు కుటుంబములోనిది.

3. ఉస్మానియాలో ఆంగ్లము

హైదరాబాదు రాజ్యమున ఆంగ్లవిద్యకు మొదటి దారి నిజాం కళాశాల. 1887లో ఏర్పడిన ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, ఆంగ్లమాధ్యమమున బోధన సాగించినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము వేరొక దారిని త్రొక్కినది. 1918లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాచే స్థాపితమై, 1919లో తరగతుల నారంభించిన ఈ సంస్థలో బోధనభాష ఉర్దూ. శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకై అనువాదశాఖ 1917లోనే ఏర్పడినది. ఆంగ్లము మాత్రము విద్యార్థు లందరును తప్పక చదువవలసిన పాఠ్యవిషయముగా నిలిచినది.

ఈ ఏర్పాటులోని విశేషమును మన పరిశోధకులు తగినంతగా గమనింపలేదని మా అభిప్రాయము. మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో ఆంగ్లము అన్ని శాస్త్రములకును వాహకము. చరిత్ర చదువువాడును, గణితము చదువువాడును రోజంతయు ఆంగ్లమునే వినుచుండును. ఉస్మానియాలో చరిత్రయు గణితమును ఉర్దూలో నడచుటచే ఆంగ్లము ఒక పాఠ్యవిషయముగా మిగిలినది. ఒక దేశపు భాషను సాహిత్యమును విదేశీయ వస్తువుగా నెరిగి చదువు పద్ధతికి ఇది అనుకూలమైన స్థితి. అంతకుముందు జపానులో ఆంగ్లమును బోధించిన ఇ. ఇ. స్పైట్ ఈ విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యుడగుట ఈ సందర్భమున గమనింపదగినది. జపాను విద్యార్థికి ఆంగ్లము పాలకుల భాష కాదు, పరదేశపు భాష. బోధన విషయమున ఉస్మానియా విద్యార్థి స్థితియు కొంతవరకు దానికి దగ్గరగానే యుండెను.

తెలుగు విద్యార్థి మోయవలసిన బరువు మాత్రము ఇందుచే తగ్గలేదు. ఇంట తెలుగు, తరగతిలో ఉర్దూ, పరీక్షలో తప్పనిసరిగా ఆంగ్లము: ఇట్లు మూడు భాషలను అతడు ఏకకాలమున సాధింపవలసి వచ్చినది. తొలినాళ్లనుండియు తెలుగుశాఖలో రాయప్రోలువా రుండిరి. గోల్డ్‌స్మిత్‌ను టెన్నిసన్‌ను తెలుగు పద్యములలో జీర్ణింపజేసికొన్న కవి తెలుగుశాఖలో నుండగా, ఆ కవుల మూలములు ఆంగ్లశాఖలో బోధింపబడుచుండెను. ఈ రెంటిని కలిపి చదువు పాఠ్యక్రమ మొకటి ఆనాడే యేర్పడియున్నచో తులనాత్మక సాహిత్యాధ్యయనమునకు ఈ విశ్వవిద్యాలయము పుట్టినిల్లయి యుండెడిది.

అడిక్‌మెట్ ఆవరణములోని ఆర్ట్స్ కళాశాల భవనము 1939 డిసెంబరు 4న ప్రారంభమైనది. నగరమధ్యమునందలి అద్దె యిండ్లనుండి విశ్వవిద్యాలయము తూర్పునకు తరలుటచే నాటి పల్లెలైన ఉప్పల్, నాచారములకు ఉన్నతవిద్య పొరుగునకు వచ్చినది. పొరుగునకు వచ్చినంతమాత్రమున అందుబాటులోనికి వచ్చినదని చెప్పరాదు. ఆ పల్లెలవారికి ఆ భవనమునకును తమకును నడుమ ఉర్దూ, ఆంగ్లము అను రెండు వాకిళ్లుండెను.

1947లో నిజాం కళాశాల ఉస్మానియాలో చేరినది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన తరువాత బోధనభాషగా ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చినది. ఈ మార్పుచే ఆంగ్లశాఖ పని రెండింతలైనది. అంతవరకు అది ఒక సాహిత్యమును బోధించు శాఖ. అటుపిమ్మట విశ్వవిద్యాలయమంతటికిని కావలసిన భాషాపాటవమును సమకూర్చు భారము కూడ దానిపై బడినది. షేక్‌స్పియరు నాటకమును వ్యాఖ్యానించుటయు, భౌతికశాస్త్ర విద్యార్థికి వాక్యనిర్మాణము నేర్పుటయు ఒకే విద్య కాదు. ఈ భేదమును ఆ దశాబ్దముననే గుర్తింపవలసి వచ్చినది.

4. భాషకు వేరొక గృహము

ఆ గుర్తింపునకు ఫలితము 1958లో హైదరాబాదులో భారత ప్రభుత్వము స్థాపించిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ. దీనికి ఫోర్డ్ ఫౌండేషన్, బ్రిటిష్ కౌన్సిలుల తోడ్పాటు లభించినది. దేశమునందలి ఆంగ్లోపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట, బోధనపద్ధతులను పరిశోధించుట, పాఠ్యసామగ్రిని సిద్ధపరచుట దీని ముఖ్యకార్యములు. ఇది 1972లో ఇతర విదేశీ భాషలను చేర్చుకొని కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థ యైనది. 1973లో విశ్వవిద్యాలయ స్థాయిని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయ స్థాయిని పొందినది.

ఈ సంస్థకు తొలియేండ్లలో సంచాలకులుగా నుండినవారు కన్నడ కవియగు వినాయక కృష్ణ గోకాక్. తరువాత 1990లో జ్ఞానపీఠ పురస్కారమును పొందిన గోకాక్‌గారు కన్నడ కావ్యరచనకును ఆంగ్లబోధనకును విరోధ మున్నట్లు ఎన్నడును భావింపలేదు. ఆంగ్లబోధనకై యేర్పడిన జాతీయసంస్థకు దేశభాషాకవి సారథి యగుట మన చర్చకు ముఖ్యమైన దృష్టాంతము.

భాషాబోధనను ప్రత్యేకశాస్త్రముగా పరిగణించుటవలన కలిగిన లాభమును ఇచ్చట వివరింపవలసియున్నది. తెలుగు అజంతభాష. హలంతములగు పరభాషాపదములను మనము అజంతములుగా మార్చి 'బస్సు', 'కారు', 'రోడ్డు' అని పలుకుదుము. తెలుగులో ఇది దోషము కాదు, భాషాధర్మము. అదే అలవాటు ఆంగ్లోచ్చారణమున ప్రవేశించినపుడు వినువానికి క్లేశము కలుగును. ఆంగ్లమునందు వేరు వేరుగా నున్న రెండు ధ్వనులకు తెలుగున వకార మొక్కటియే దిక్కు. దంతమూలీయములగు ఆంగ్లధ్వనులను మనము మూర్ధన్యములగు టకార డకారములుగా గ్రహింతుము. ఆంగ్లమున పదములోని ఊనిక స్థానము మారినచో అచ్చుల రూపమే మారును. 'ఫోటోగ్రాఫ్' అను పదమున మొదటి అక్షరముపైనున్న ఊనిక 'ఫోటోగ్రఫీ' అనుచో రెండవదానిపైకి జరుగును. గురులఘువుల లెక్కతో పద్యము చదువ నేర్చిన తెలుగువానికి ఈ ఊనిక క్రొత్తది.

ఇట్టి విషయములు షేక్‌స్పియరు పాఠమున తేలవు. వీనికి ధ్వనిశాస్త్రము కావలెను, విద్యార్థి మాతృభాషాజ్ఞానము కావలెను. ఈ సంస్థ బోధనలో ధ్వనిశాస్త్రమునకును భాషాశాస్త్రమునకును పెద్దపీట లభించినది. 1962లో ఉస్మానియా భాషాశాస్త్రశాఖకు ఆచార్యులుగా వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు నిర్మాణమును ఆధునికశాస్త్రదృష్టితో వివరించుటకు పూనుకొనిరి. ఇట్లు ఇరుగుపొరుగు ఆవరణములలో ఆంగ్లభాషాశాస్త్రమును తెలుగుభాషాశాస్త్రమును ఏకకాలమున వికసించినవి.

అయితే ఈ ఏర్పాటునకు మూల్యమును చెల్లింపవలసి వచ్చినది. భాషకు వేరొక గృహ మేర్పడుటచే సాహిత్యశాఖలు తమ విద్యార్థి భాషాలోపమును ఇతరులు చూచుకొందురను ధోరణికి లోనగుట సులభమైనది. భాషాబోధకులకు కావ్యము కేవలము అభ్యాసపాఠముగా కనబడు ప్రమాదమును కలిగినది. నేడు ఆ సంస్థయు ఆంగ్లసాహిత్యమున పట్టముల నిచ్చుచున్నది గాన విభజనరేఖ మునుపటివలె స్ఫుటముగా లేదు. విద్యార్థి మనస్సులోని సందిగ్ధత మాత్రము అట్లే నిలిచియున్నది.

5. ఒకే ఆవరణము, వేరు వేరు శాఖలు

1959లో ఉస్మానియా ఆంగ్లశాఖకు వచ్చిన శివ్ కె. కుమార్‌గారు కేంబ్రిడ్జిలో పరిశోధించినది చైతన్యస్రవంతి నవల. బెర్గ్‌సన్ కాలతత్త్వమునకును ఆ నవలకును గల సంబంధమును వివరించిన వారి గ్రంథము 1962లో వెలువడినది. వారు ఆంగ్లకవిగను ప్రసిద్ధులై 1987లో సాహిత్య అకాడమీ పురస్కారము నందుకొనిరి. 1964లో ఉస్మానియా ఆవరణములో అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్ర మేర్పడి, దాని గ్రంథాలయము దేశమంతటినుండియు ఆంగ్లపరిశోధకుల నాకర్షించినది.

ఈ దశాబ్దముననే అదే ఆవరణములో ఎం.ఏ. చదివి వెలుపలికి వచ్చిన తెలుగు యువకు డొకడు చైతన్యస్రవంతి పద్ధతిలో నవల రచించెను. అది 1969లో వెలువడిన 'అంపశయ్య'. నవలయంతయు విశ్వవిద్యాలయ వసతిగృహమున నుండు రవి యను విద్యార్థి జీవితములోని ఒక్క దినమున జరుగును. పేదరికము, పరీక్షాభయము, కోరిక, అవమానము అతని మనస్సులో ఒకదాని నొకటి త్రోసికొనుచు ప్రవహించును. ఈ నవలను రచించిన నవీన్‌గారు చదివినది ఆంగ్లసాహిత్యము కాదు, అర్థశాస్త్రము.

ఈ రెండు విషయములకును కార్యకారణసంబంధమును మేము కల్పింపబోము. వానిని ప్రక్కప్రక్కన నుంచి చూచినంతనే ఒక సత్యము గోచరించును. ఆంగ్లశాఖలో చైతన్యస్రవంతి పరిశోధనవిషయమైనది. తెలుగున అది అనుభవమును వెల్లడించు సాధనమైనది. రెండవ కార్యమునకు ఆంగ్లపట్టము అవసరము కాలేదు. వీరేశలింగము పంతులుగారి కాలమున కనబడిన లక్షణమే తొమ్మిది దశాబ్దముల తరువాతను కనబడుచున్నది. పాశ్చాత్యరూపమును గ్రహించినవాడు తన జీవితమునందు దృఢముగా నిలిచి గ్రహించినపుడే అది తెలుగు సొత్తైనది.

6. తెలుగు మాధ్యమము, క్రొత్త విద్యార్థులు

1968లో పి.వి. నరసింహారావుగారు తొలి అధ్యక్షులుగా తెలుగు అకాడమి యేర్పడి, ఉన్నతవిద్యకు తెలుగున పాఠ్యగ్రంథములను సిద్ధపరచుటకు పూనుకొన్నది. చరిత్రను, రాజనీతిని, అర్థశాస్త్రమును తెలుగుననే చదివి బి.ఏ. పట్టము పొందుట సాధ్యమైనది. విద్యావ్యాప్తికి ఇది చేసిన మేలు అపారము. 1977లో ఉస్మానియాలో దూరవిద్యాశాఖ, 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినవి. రెండవది 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరును గ్రహించినది. తరగతి గదికి రాజాలనివారికిని ఆంగ్లమున ఎం.ఏ. చదువు అవకాశము ఈ సంస్థలచే కలిగినది.

ఇదే కాలమున ఉప్పల్, నాచారములు పారిశ్రామికవాడలుగా పెరిగినవి. వరంగల్లునుండి వచ్చు బాట నగరమున ప్రవేశించునది ఉప్పల్ వైపునుండియే. ఆ బాటవెంట వచ్చి పరిశ్రమలలో పనికి కుదిరిన కుటుంబములు ఇచ్చటనే స్థిరపడినవి. వారి పిల్లలలో ఎం.ఏ. వరకు వచ్చినవారు తమ వంశమున కళాశాల మెట్లెక్కిన తొలితరమువారగుట సామాన్యము. 2017 నవంబరు చివర ప్రారంభమైన మెట్రో రైలు ఉప్పల్‌ను తార్నాకకు మరింత దగ్గర చేసినది. ఈ దారిలోనే సమాచార సాంకేతిక సంస్థలు వెలసి, ఆంగ్లమున మాటాడగలవానికి వెంటనే ఉద్యోగమను ఆశను కల్పించినవి.

తెలుగు మాధ్యమమున బి.ఏ. ముగించిన విద్యార్థి ఆంగ్ల ఎం.ఏ.లో చేరినపుడు ఎదుర్కొను స్థితిని ఊహింపుడు. బి.ఏ.లో అతడు చదివిన ఆంగ్లము కొలది గద్యపాఠములు, కొలది పద్యములు. ఎం.ఏ.లో చాసరు, మిల్టను మొదలు ఇరువదవ శతాబ్ది విమర్శసిద్ధాంతములవరకు మూలములోనే చదువవలసివచ్చును. మిల్టను వాక్యము సుదీర్ఘము, లాటిను పోకడలు గలది, గ్రీకు పురాణములతోను బైబిలు కథలతోను నిండినది. ఆ విద్యార్థికి మూలముతో పెనగులాడుటకు కాలము చాలదు. అతడు ప్రశ్నోత్తరముల గైడును ఆశ్రయించును. గైడులోని వాక్యములను కంఠస్థము చేసి పరీక్ష దాటును. భాషను కోరి వచ్చినవానికి భాష రాదు. సాహిత్యమును చదివినట్లు పట్టము చెప్పును గాని, సాహిత్యము అతనిని తాకియుండదు.

ఇందు దోషము విద్యార్థిది కాదు. అతని యొద్దనున్న సంపదను పాఠ్యక్రమము లెక్కకు తీసికొనకపోవుటయే మూలకారణము. పోతన పద్యములను విన్నవానికి భక్తియు శబ్దసౌందర్యమును తెలియును. బుర్రకథ విన్నవానికి కథనములోని ఉత్కంఠ తెలియును. మిల్టను ఇతివృత్తమును భాగవత కథాకథనముతో పోల్చి బోధించినచో అతడు ఆ కావ్యమున ప్రవేశించుటకు ఒక ద్వారము లభించును. ఆ ద్వారము మూసియున్నంతకాలము గైడే అతనికి శరణ్యము.

7. మరలి వచ్చిన దృష్టి

ఆంగ్లశాఖ తెలుగువైపు దృష్టి మరల్చినపుడు కలుగు ఫలమునకు ఈ ప్రాంతముననే ఘనమైన నిదర్శనము గలదు. కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థలో ఆచార్యులైన సూసీ థారు, కె. లలితగారితో కలసి సంపాదకత్వము వహించిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండు సంపుటములు 1991, 1993 సంవత్సరములలో వెలువడినవి. పదునొకండు భాషల స్త్రీల రచనలను ఆంగ్లానువాదములతో ఇందు చేర్చిరి. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరి ఆస్థానమున నుండిన ముద్దుపళని 'రాధికాసాంత్వనము', దానిని 1910లో పరిష్కరించి ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మగారి సాహసము, నాటి ప్రభుత్వము విధించిన నిషేధము ఈ గ్రంథముద్వారా ప్రపంచవిద్వాంసుల చర్చకు వచ్చినవి. అంతకుముందు 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను తెలుగున సేకరించినది. 1989లో అది ఆంగ్లమున వెలువడినది.

ఈ కృషిని మేము ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణ మున్నది. మన సాహిత్యచరిత్రకారులలో పలువురు ముద్దుపళనిని శృంగారమితిమీరిన కవయిత్రిగా నెంచి త్రోసివేసిరి. ఆమెను చదువదగిన కవిగా మరల నిలుపుటలో ఆంగ్లశాఖలో అలవడిన విమర్శపద్ధతి తోడ్పడినది. అయితే ఆ పద్ధతికి పని కల్పించినది తెలుగు కావ్యము, తెలుగు స్త్రీల మాట. రెంటిలో ఏ యొక్కటి లేకున్నను ఈ కార్యము నెరవేరియుండదు.

8. ఉపసంహారము

ఈ పరిశీలనమువలన తేలిన అంశములు మూడు. ఉస్మానియాలో ఆంగ్లము మొదట పాఠ్యవిషయముగను, 1948 తరువాత బోధనభాషగను ఉండుటచే సాహిత్యమునకు భాషాపాటవమునకు గల భేదము మరుగుపడి, రెండు పనులును ఒకే శాఖపై బడినవి. 1958లో భాషాబోధనకు ప్రత్యేకసంస్థ యేర్పడి ఆ భేదమును స్పష్టము చేసినను, రెంటిని విద్యార్థియందు మరల కలుపు మార్గము ఏర్పడలేదు. వీరేశలింగము పంతులుగారినుండి ముద్దుపళని పునర్మూల్యాంకనమువరకు ఆంగ్లసాహిత్యపరిచయము ఫలించిన ప్రతిచోటను, చదివినవారి దృష్టికి తెలుగు ఆలంబనముగా నిలిచినది.

ఇందుచే కర్తవ్యమును తెలిసికొనుట కష్టము కాదు. ఆంగ్ల ఎం.ఏ.లో తెలుగునుండి ఆంగ్లమునకు, ఆంగ్లమునుండి తెలుగునకు అనువాదము ఒక పూర్తి పత్రముగా నుండవలెను. అనువదించువాడు ప్రతి వాక్యమును విప్పి చూడవలసినవాడే కావున గైడు అతనికి ఉపకరింపదు. భాషాపాటవమును సాహిత్యగ్రహణమును ఒకేసారి పరీక్షించుటకు ఇంతకు మించిన సాధనము మాకు గోచరింపలేదు. తులనాత్మకాధ్యయనపత్రమును తెలుగు, ఆంగ్ల శాఖలు కలసి బోధింపవలెను. తెలుగుశాఖలవారు దీనిని పరుల పనిగా నెంచి యూరకుండరాదు. ఆంగ్లము చదువవచ్చిన తెలుగు విద్యార్థి తెలుగును మరచిపోయినచో నష్టపోవునది మొదట మన శాఖలే.

నాచారమునుండియు ఉప్పల్‌నుండియు బయలుదేరు తొలితరము విద్యార్థి తార్నాక చేరుటకు నేడు కొలది నిమిషములు చాలును. అతడు తెచ్చుకొన్న తెలుగును తరగతి గుమ్మమువెలుపల విడువనక్కరలేని పాఠ్యక్రమమును సిద్ధపరచు బాధ్యత ఉభయశాఖల ఆచార్యులపై నున్నది.